అరికాలికి ఎండ యాడ తగుల్తాది?

నా డాక్టరు చదువు ఒక్క పూటలో టమోటా రసంలో ఎలా కూలబడిందో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. అప్పుడు ఎదురుగా నిలబడి నవ్వినవాళ్లే చాలామంది ఉన్నారు.

కర్నూలులో చర్మవ్యాధుల పీజీ అప్పుడే ముగించాను. పత్తికొండలో ఉచిత శిబిరం అనగానే అందరికంటే ముందు చేయెత్తాను. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సరు. దాని మీద మైకులో అరగంట దంచాను. "అది ఎండ వల్ల తెల్లవాళ్లకు వచ్చే జబ్బు. మన నల్లతోలు దేవుడిచ్చిన గొడుగు!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి.

మొదట వచ్చినాయన పెద్ద రైతు, రెండుసార్లు సర్పంచి. ఎండ తగిలే భుజం మీదే నల్లటి పుట్టుమచ్చ. నాకు ప్రాణం లేచివచ్చింది. భూతద్దం పెట్టి పావుగంట చూశాను.

"దీన్ని కోసి పరీక్షకు పంపాల పెద్దాయనా."

"కోసేదా? ఈ మచ్చ చలవతోనే రెండుతూర్లు గెలిచినా. ఈసారి ఎమ్మెల్యేకి నిలబడాలనుకుంటాండా. నువ్వు అవతలి పార్టీవా యేందప్పా?"

ఆ మచ్చ పుట్టినప్పటి నుంచీ అలాగే ఉందట, ఆవగింజంత కూడా మారలేదట. వినే ఓపిక నాకుంటేగా!

ఆయన తర్వాత మార్తమ్మ వచ్చింది. టమోటా మార్కెట్లో కాయలు ఏరే మనిషి, అరవై ఏళ్లుంటాయి. కూర్చుంటూనే పాదాలు చీర కిందికి లాక్కుంది.

"అరికాల్లో నల్ల మచ్చ ఉండాదప్పా. ఆర్నెల్లుగా పెరుగుతాండాది."

"అరికాలికి ఎండ యాడ తగుల్తాదవ్వా? ముల్లు విరిగింటాది. పూతమందు రాసిస్తా."

నేను చూపించమనలేదు, ఆమె చూపిస్తాననలేదు. చదువుకున్నాయన ముందు అరికాలు ఎత్తడమంటే ఆమెకు పాపం. ఇద్దరం ఎంతో మర్యాదగా ఆమె ప్రాణం మీదికి తెచ్చాం.

ఆమె వెళ్లాక, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దదైన నర్సు సలోమమ్మ మెల్లగా అడిగింది.

"సార్, ఆ యమ్మ కాలు చూసినారా?"

"ఎండ తగలని చోట మెలనోమా ఎట్లొస్తాది సిస్టర్?"

"అరికాల్లో రంగు కణాలు లేవా సార్?"

ఎందుకు లేవు? మనలాంటి ఒంటిరంగు వాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది అరికాళ్లలో, గోళ్ల కిందే. ఆ రకానికి ఎండతో పెద్దగా పనిలేదు. ఆ కణాల్లో చెడే జన్యువులు కూడా చాలావరకు వేరు, అందుకే మందులు ఎంచుకునే తీరూ వేరు. ఇదంతా నాకు తెలియదనుకునేరు! పరీక్షలో మూడు పేజీలు రాసి మార్కులు కొట్టేశాను. ఆ మూడు పేజీలూ ఆన్సరు పేపరులోనే ఉండిపోయాయి, అంతే.

తెల్లకోటుతోనే మార్కెట్‌కు పరుగెత్తాను. మార్తమ్మ టమోటా బాక్సుల మధ్య కూర్చుని ఉంది.

"అవ్వా, ఆ కాలు చూపించు!"

"నీకు కాలెత్తి సూపిచ్చేదా? దేవుడు మెచ్చడప్పా. నేను సూపియ్యను."

"నువ్వు ఎత్తొద్దులే, నేనే వంగుతా."

చితికిన టమోటాల్లో మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె వెనక్కి లాగుతుంది, నేను ముందుకు లాగుతాను. మార్కెట్టంతా మా చుట్టూ చేరింది.

"డాక్టరు ఏం తప్పు జేసినాడో, పాపం!"

"శానా పెద్దదే జేసింటాడు. లేకుంటే ఈ మాదిరి కాళ్లమీద పడ్తాడా?"

మచ్చ చింతగింజ కన్నా పెద్దది. అంచులు చెదిరిపోయి, ఒకచోట నలుపు, ఒకచోట గోధుమరంగు. భయంతో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జనం అది పశ్చాత్తాపం అనుకున్నారు. మార్తమ్మ కూడా అదే అనుకుని నా తలమీద చెయ్యి పెట్టింది.

"పోనీలే నాయనా, క్షమించినా. లెయ్."

పరీక్షలో అది మెలనోమానే అని తేలింది. అదృష్టం, ఇంకా లోతుకు దిగలేదు. కర్నూలులో ఆపరేషను చేసి తీసేశారు. మార్తమ్మ మళ్లీ కాయలు ఏరుతోంది. ఆమె దేనికి క్షమించిందో ఆ తర్వాత నేనే కూర్చుని చెప్పాను.

కాబట్టి మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: మనిషి చర్మం చీలమండ దగ్గరే ఆగిపోతుందని ఇక జన్మలో అనుకోను. ఎవరొచ్చినా ముందు కాళ్లు పట్టుకుంటాను, తప్పులు చేసేది ఆ తర్వాతే.