ఊరు కట్టేసిన నాటి గాజుతీగె

మొన్న గరిడేపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోతుంటే రోడ్డు వెంట నారింజ రంగు పైపు చుట్టలు కనిపించాయి. ఇంటింటికీ ఫైబర్ నెట్ వేస్తున్నారట అని పక్కాయన నాకే చెప్పబోతే, ఈ పల్లెలన్నిటికీ ఆ గాజుతీగెను మొదట లాగిందే నేనని అనేశాను. అబద్ధం. తవ్వింది యంత్రం, లాగింది కూలీలు. టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరైన నన్ను, దారులు తెలిసినవాడినని ఒక కాంట్రాక్టరు పిలిస్తే, కొసలు అతికించే పని చేశానంతే. మన ఈడువాళ్లకు చెప్పేదేముంది, ముసలితనంలో పని దొరికితే మనిషి జానెడు పెరుగుతాడు, మాట మూరెడు.

ఆ దారిలోనే, గుట్ట వెనక పల్లంలో మా అక్క అత్తగారి ఊరు. సెల్‌ఫోన్ సిగ్నల్ అందని ఊరు అది. మేమేసిన తీగె పంచాయతీ ఆఫీసు దాకా వచ్చి, కంప్యూటర్లో మనుషుల మొహాలు కనబడటం మొదలైన వారంలోనే అక్కడ ఊరి నడిబొడ్డున కొత్త బొడ్రాయి నిలబెట్టారు. మీకు తెలియంది కాదు, బొడ్రాయి నిలిపే రోజు పొలిమేర చుట్టూ బలి నెత్తురు కలిపిన అన్నం పొలిగా చల్లి ఊరు కట్టేస్తారు, మర్నాడు పొద్దు పొడిచేదాకా లోపలివాళ్లు దాటరాదు, బయటివాళ్లు అడుగు పెట్టరాదు.

సరిగ్గా అప్పుడే మా బావ జ్వరం తలకెక్కి మిర్యాలగూడ దవాఖానలో పడి ఉన్నాడు. ఈ ఒక్క రోజు గడిస్తే గండం గడిచినట్టే అన్నారు డాక్టర్లు. అయినా అక్క కొడుకును ఆయన దగ్గర కూర్చోబెట్టి ఊరికొచ్చింది, ఎందుకంటే ఇంటికొక ఆడమనిషి బొడ్రాయికి బిందెడు నీళ్లు పోయకపోతే ఆ ఇంటి మగమనిషికే కీడంటారు. పోసి వెంటనే మళ్లుదామనుకుంది గానీ, బిందె దించేసరికి ఊరు కట్టేశారు. చుట్టంగా వచ్చిన నేనూ లోపలే ఉండిపోయాను.

నా తీగె పొలిమేర దాటి పోతుందన్న సంగతి అప్పుడు తట్టింది ఊరి పెద్దాయనకు. ఊరంతా కట్టి దాన్నొక్కదాన్ని ఎట్ల ఇడిసిపెడ్తమని పంచాయతీ ఆఫీసులో నాతోనే పీకించాడు. మిట్టమధ్యాహ్నం, వీధిలో పిట్ట కూడా కదలని వేళ, అక్క వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. ఒక్కపారి ఆయన మొకం సూపియ్యమంది. పీకిన తీగెలోని వెంట్రుకంత సన్నని గాజుపోగును పెద్దాయన ఎండకు పట్టి చూశాడు.

“దీంట్లకెల్లి ఏమొస్తదిరా?”

“వట్టి వెలుగే, పెద్దయ్యా.”

పోగు నా చేతిలో పెట్టి బొడ్రాయికి దండం పెట్టాడాయన. “వెలుగు రావచ్చు, మనిషి రావద్దు. బిడ్డా, మాట్లాడితే మాట్లాడు, రమ్మని మాత్రం అనకు.”

మళ్లీ తగిలించి, ఆఫీసు కంప్యూటర్ నుంచి దవాఖానలో ఉన్న మేనల్లుడి ఫోన్‌కు కలిపాను. బావ మొహం వచ్చింది, కళ్లు సగం మూతలు పడి. అంతలో బొమ్మ ఆగిపోయింది, పెదవులు కదలడం లేదు, గొంతు మాత్రం వస్తోంది.

“పొలిమేర కాడికొచ్చిన. వీళ్లు రానిస్తలేరు. నువ్వు రమ్మంటేనే ఇడుస్తరంట. జర రమ్మనవే.”

కట్టుకున్నవాడు ఇంటికొస్తానంటే వద్దనడానికి ఏ ఆడదానికి నోరొస్తుంది? అక్క కొంగు నోట్లో కుక్కుకుంది, తీసింది.

“ఎవలు రమ్మన్నరు నిన్ను? మళ్లిపో! గాడనే పండు. రేపు పొద్దుగాల నేనే వస్త.”

గొంతు ఆగింది. పెద్దాయన చెయ్యి ఊపాడు, పీకేశాను. ఇక ఆయన ఉన్నాడో పోయాడో తెలియకుండా తెల్లారేదాకా గడప మీద కూర్చుంది అక్క.

పీకేశాక కూడా గొంతు వినబడిందని, ఊరి కుక్కలన్నీ ఒక్కపెట్టున ఏడ్చాయని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. కోతలే. బొమ్మ ఆగి గొంతు నడవడం మా పనిలో రోజూ ఉండేదే. ఏడ్చింది ఒక్క కుక్క, దానికెప్పుడూ ఏడుపే. కానీ గొర్రెల సంగతి నా కల్పన కాదు. పొలిమేర అవతల మందతో చిక్కుకుపోయిన గొర్లకాపరి, ఇక్కడి సంగతి తెలిసే దారిలేనివాడు, పొద్దు పొడవగానే వచ్చి చెప్పాడు. మధ్యాహ్నం పూట మంద ఉన్నట్టుండి రెండుగా చీలిందట, మనిషికి తోవ ఇచ్చినట్టు. “మనిషి లేడు. కొంచెంసేపటికి మళ్ల చీలినయ్, మిర్యాలగూడ మొకాన.”

అందరికన్నా ముందు పొలిమేర దాటింది అక్క. దవాఖానలో బావ దిండుకానుకుని చాయ్ తాగుతున్నాడు. ఆమెను చూడగానే, నిన్న గంత కసిరినవెందుకే, నేనేం జేసిన అని అడిగాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, నా కోతలన్నీ వింటూ.

ఆ ఊళ్లో అయితే ఇప్పటికే ప్రతి గోడకూ ఒక నెట్ పెట్టె, దానికొక పచ్చ దీపం. ఎక్కడెక్కడి మొహాలో పగలూ రాత్రీ ఇళ్లలోకి వస్తుంటాయి, ఎవరూ ఎవరినీ అడగరు. మంచిదే, అప్పటి మా అక్కలాగా ఎవరూ తల్లడిల్లనక్కర్లేదు. అయినా నాకొక దిగులు. వెలుగెంతవరకో మనిషెంతవరకో గీత గీసిన పెద్దాయన పోయాడు. వస్తున్నవాళ్లలో ఎవరికి తోవ ఇవ్వాలో తెలిసిన మందలూ ఆ దారిన ఇప్పుడు నడవడం లేదు.