డాక్టరు నాకు చెప్పిన మాట

ఈ మాట నా గొంతులో ఇరుక్కుని చాలా ఏళ్ళయింది. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అలాగైతేనే చెప్పగలను.

నాకు అనుమానం ఎక్కువ. గిన్నె కాస్త జరిగి ఉంటే ఎవరు జరిపారా అని చూసే రకాన్ని. మొగుడు పోయి, మాచర్ల దగ్గరున్న పుట్టింటికి తిరిగొచ్చినదాన్ని. ఆ ఇంట్లో నా చోటు ఎవరు లాక్కుంటారోనని ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉండేదాన్ని. తమ్ముడు చెన్నయ్యకు పెళ్ళయి కోటేశ్వరి కాపురానికి వచ్చాక ఆ కాపలా మరీ ఎక్కువయింది.

ఎనభైల నాటి సంగతి. చెన్నయ్య నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. దగ్గు పట్టుకుంది, రక్తం పడింది. నరసరావుపేట తీసుకెళ్తే టీబీ అన్నారు. తమ్ముడు బయట బెంచీ మీద కూర్చుని దగ్గుతుంటే డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. మాత్రలతో పాటు రోజూ సూది వేయించాలని, అది మంచి మందే గానీ కొందరికి చెవి నరాన్ని దెబ్బతీస్తుందని, చెవుల్లో హోరు పుట్టినా, నడక తూలినా వెంటనే ఆపించి తీసుకురమ్మని చెప్పాడు. తలూపాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు భయపడతారని కాదు. తమ్ముడి సంగతులన్నీ నాకొక్కదానికే తెలిసి ఉండాలని.

ఊళ్ళో సూదులు వేసే ఆయన రోజూ వచ్చి వేసి వెళ్ళేవాడు. దగ్గు తగ్గుముఖం పట్టింది. ఒకరోజు పొద్దున చెన్నయ్య మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతే, నిలబడ్డవాడు నిలబడ్డట్టే నీళ్ళ తొట్టి మీదికి ఒరిగిపోయాడు. ఆ తర్వాత గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. చెవిలో జోరీగ దూరినట్టుందని అనేవాడు.

అప్పుడు నాకు డాక్టరు మాట గుర్తు రావాలి కదా? రాలేదు. నిజంగా రాలేదా, నేను రానివ్వలేదా? నాకు గుర్తొచ్చింది కోటేశ్వరి చేతులు. ఆమె సానరాయి మీద ఏదో అరగదీసి, పాలల్లో కలిపి అతనికివ్వడం చూశాను. అడిగితే దగ్గుకు కరక్కాయ అంది. నేను నమ్మలేదు. మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి పెట్టుడు మందు పెట్టిందని పక్కింటామెతో అన్నాను. సాయంత్రానికి వీధి వీధంతా అదే మాట.

గురజాల దారిలో పెట్టుడు మందు కక్కించే ముసలాయన ఉండేవాడు. చెన్నయ్యను అక్కడికి తీసుకెళ్ళాం. ఆయన ఆకు పసరు తాగిస్తే పేగులు బయటికొచ్చేటట్టు కక్కాడు. అందులోంచి నల్లటి ఉండ ఒకటి పుల్లతో తీసి చూపించాడు ముసలాయన. అందరూ కోటేశ్వరి వైపు తిరిగారు. నేను మాత్రం ఆయన చేతి వైపే చూశాను. ఆ ఉండ ముందే ఆయన వేళ్ళ సందున ఉందేమోనని నాకు అనుమానం. సరిగ్గా ఆ అనుమానంతోనే డాక్టరు చెప్పిందంతా, ఒక్క మాట పోకుండా గుర్తొచ్చింది.

కోటేశ్వరి ఏడవలేదు. నా దగ్గరికొచ్చి అడిగింది.

"వదినా, పేటలో డాక్టరు నీకేమన్నా చెప్పాడా? ఆ సూది మొదలెట్టినకాడి నుంచే ఈయన తూలతన్నాడు."

"ఏం చెప్పలా."

"ఒట్టేనా?"

"నన్ను ఒట్టెయ్యమంటానికి నువ్వెవరే?"

మర్నాడు ఆమె అన్న వచ్చి ఆమెను బొల్లాపల్లిలోని పుట్టింటికి తీసుకుపోయాడు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు. నన్ను ఇంట్లోంచి పొమ్మంటారేమో. అలా అనుకుంటూ కొన్నాళ్ళు గడిపాను. ఆ కొన్నాళ్ళూ సూది పడుతూనే ఉంది. నాకు తెలిసి పడింది. చివరికి దగ్గు తగ్గింది కదా, ఇక సూది వద్దని ఆపించాను. కారణం చెప్పలేదు. తూలడం కొంత సర్దుకుంది. చెవులు మాత్రం అప్పటికే పోయాయి, తిరిగి రాలేదు. రాయి పగలగొట్టడానికి తూటా పేల్చేముందు వేసే కేక వినపడనివాణ్ణి మేస్త్రీ మళ్ళీ క్వారీలోకి రానివ్వలేదు.

ఆ క్వారీ మోతలకే చెవులు పోయాయేమోనని కూడా అనుకున్నాను. ఆ అనుమానాన్ని ఏళ్ళ తరబడి పెంచుకున్నాను. కానీ సబ్బు రాసుకుంటున్న మనిషిని మోతలు తొట్టి మీదికి తోస్తాయా?

కోటేశ్వరిని తీసుకొద్దామా అని చెన్నయ్య ఒకసారి అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. వినపడని మనిషికి అది చాలింది.

చెన్నయ్య ఇప్పుడు లేడు. ఆమె బొల్లాపల్లి వైపే ఉందని విన్నాను. వెళ్ళలేదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఇదంతా రాయడంలో కూడా నా స్వార్థమే ఉందని నాకు అనుమానం, ఎందుకంటే రాస్తుంటే గొంతు కాస్త తెరిపిన పడింది. అయినా ఆమె అడిగినదానికి జవాబు బాకీ ఉంది.

చెప్పాడు, కోటేశ్వరీ. నాకు చెప్పాడు.