ఆదరణ కూడికలో పిట్ట పద్యం

రొమాంటిక్ కవిత్వంలో సౌందర్యానికి చావు లేదన్నది మాకు పది మార్కుల ప్రశ్న. తెనాలి కాలేజీలో ఇంగ్లీషు సారు జవాబు డిక్టేట్ చేసి, చివర్లో ‘అండర్‌లైన్’ అనేవారు. మేం గీత గీసేవాళ్ళం. ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. సారుకి కూడా అనిపించేదని నేననుకోను.

ఎనభైల చివర్లో, డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గర పడ్డాయనగా, రేపల్లెలో మా తాతయ్య పోయాడు. నాయనమ్మ ఏడవలేదు. మెతుకు ముట్టలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది, అంతే. ఆమె కూడా ఆయన వెనకే వెళ్ళిపోతుందేమోనని నాన్న భయం. నాకూ అదే భయం. కానీ పరీక్ష పరీక్షే కదా.

మా లూథరన్ ఇళ్ళలో సమాధి చేసొచ్చాక, మిగిలినవాళ్ళని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెడతారు. బాపట్ల, పిట్టలవానిపాలెం నుంచి చుట్టాలొచ్చి హాలు నిండిపోయింది. నేను వెనక వసారాలో ఇంగ్లీషు పద్యం బట్టీ పడుతున్నాను. గట్టిగా చదివితే గానీ నాకు ఎక్కదు. పిట్ట మీద పద్యం, పాతకాలపు ఇంగ్లీషు. మా పెద్దవాళ్ళు జన్మలో విన్న ఇంగ్లీషంతా మిషన్ ఆసుపత్రి దొరసానుల ప్రార్థనే. పద్యం పూర్తయ్యేసరికి హాల్లోంచి ‘ఆమెన్’ అని వినపడింది. తొంగి చూస్తే ఆడవాళ్ళంతా ముసుగులేసుకుని తలలు వంచుకుని ఉన్నారు.

“ఇంకోసారి చదవ్వే,” అంది నాయనమ్మ. తాతయ్య పోయిన దగ్గర్నుంచి ఆమె నోట అదే మొదటి మాట.

చదివాను. ఆమె కళ్ళు నిండాయి.

“ఏ కీర్తనే అది?”

అబద్ధం చెప్పేదాన్నే. పక్కనే పాస్టరు అయ్యగారు, ఇంగ్లీషు వచ్చినాయన.

“కీర్తన కాదు నాయనమ్మా, పాఠం. ఒక పిట్ట గురించి.”

“పిట్టా? ఏంటంట?”

“విన్నవాళ్ళు పోయినా పాట పోదంట.”

నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. “మీ తాతకి పాటలు రావు. చర్చిలో కూడా పెదాలాడించేవాడంతే. పొలం నించి వస్తా ఈల మాత్రం వేసేవాడు. అది వినపడ్డాకే నేను అన్నం వార్చేదాన్ని.”

అని, అంతమంది ముందు పెదాలు గుండ్రంగా చుట్టి ఈల వేసింది. ఇంట్లో ఆడది ఈల వేయడమే మా వైపు తప్పు. ఆదరణ కూడికలో ఆ ఇంటావిడే వేసేసరికి ఆడవాళ్ళంతా ముసుగులు తొలగించి చూశారు. పళ్ళు లేని నోరు కదా, గాలే ఎక్కువ వచ్చింది. కానీ అది తాతయ్య ఈలే, చివర్లో కిందకి జారే వంపుతో సహా. అయ్యగారు బైబిలు మూసి విన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఈల అయ్యాక నాయనమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, వంటింటి వైపు చూసి, “అన్నం వార్చారా?” అని అడిగింది.