నురగ లేని నీళ్ళు

ఆపరేషన్ అయినవాళ్ళను ఉంచే ఆ వార్డును తుడిచే ఇద్దరూ తోడికోడళ్ళే. కిటికీల వైపు పది మంచాలు పెద్దావిడవి, తలుపు వైపు పది చిన్నావిడవి. పెద్దావిడను వార్డంతా పెద్దక్క అనే పిలుస్తుంది. పందొమ్మిదేళ్ళుగా నేల మీద కూర్చుని తుడిచీ తుడిచీ ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే మంచం కోడు పట్టుకోవాలి, పట్టుకుని ఎవరినో ఒకరిని తిట్టాలి.

ఆ తిట్లన్నీ చిన్నావిడకే. ఆ మనిషి పని చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది మరి! స్టోరులో ఇచ్చే క్రిములు చంపే మందు బకెట్ నీళ్ళలో ఒక మూత పోస్తుంది, గుడ్డ ముంచి అలా తుడిచేస్తుంది, పోయి వరండాలో కూర్చుంటుంది.

"ఏమే, నురగ లేకుండా అదేం కడగడమే?"

"సీసా మీద ఉన్నట్టే పోశానక్కా. అంతకంటే నాకు చేతకాదు."

పెద్దక్కకు ఆ మందు మీద మొదటినుంచీ నమ్మకం లేదు. పేరుకు మందే గానీ నురగ సరిగ్గా రాదాయె! అందుకే తన బకెట్‌లో రెండు గుప్పెళ్ళ సబ్బు పొడి కూడా వేసి, నురగ పొంగేదాకా చేత్తో గిలక్కొట్టేది. నేలా, మంచాల చువ్వలూ అన్నీ ఆ నీళ్ళతోనే తోమేది. అబ్బ, పనంటే పెద్దక్కదే అనేవాళ్ళు అందరూ.

ఆ నెల వార్డులో కుట్లు చీము పట్టడం ఎక్కువైంది. ల్యాబువాళ్ళు వచ్చి, క్రిములేమైనా ఉన్నాయేమో చూడ్డానికి మంచాల చువ్వలకు దూది పుల్లలు అద్ది, ఒక్కోదానికీ మంచం నంబరు చీటీ అంటించుకుని వెళ్ళారు. నాలుగో రోజున సూపర్‌వైజర్ ఇద్దరినీ పిలిచాడు.

"కిటికీల వైపు ఎనిమిది మంచాలకు క్రిములున్నాయట, తలుపు వైపు ఒక్కదానికీ లేవట. చీటీలు తారుమారై ఉంటాయి. పెద్దక్క పని నాకు తెలీదా?" అని చిన్నావిడ వైపు తిరిగాడు. "రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

చిన్నావిడ మొగుడు నడుము విరిగి మంచాన ఉన్నాడు. ఇల్లు ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది.

చీటీలు మారాయన్న మాట పెద్దక్కకు మింగుడుపడలేదు. వాళ్ళు చీటీలు అంటిస్తున్నప్పుడు తను పక్కనే ఉంది. నేరుగా నర్సు దగ్గరికి వెళ్ళింది.

"బకెట్‌లో ఏమేం కలుపుతావు పెద్దక్కా?" అని నర్సు అడిగింది. పెద్దక్క గొప్పగానే చెప్పింది. నర్సు తల పట్టుకుంది.

"అయ్యో రామా! ఈ మందూ ఒక రకం సబ్బులాంటిదే. కాకపోతే దీనికి ప్లస్ కరెంటు ఉంటుంది, క్రిముల ఒంటికి మైనస్. అందుకే పోయి వాటిని పట్టుకుని చంపుతుంది. నీ సబ్బు పొడిదీ మైనస్సే. అది పడగానే రెండూ బకెట్‌లోనే కావిలించుకుని కూర్చుంటాయి. ఇంక క్రిముల జోలికి పోయేదెవరు?"

"మరి నురగ?"

"నురగకూ క్రిములు చావడానికీ సంబంధమే లేదు."

పెద్దక్క ఒక్కో మెట్టూ దిగి సూపర్‌వైజర్ గదికి వెళ్ళి, చీటీలు సరైనవే, తప్పు తనదేనని చెప్పింది.

"మరిది పెళ్ళామని వెనకేసుకొస్తున్నావా?" అన్నాడాయన.

"రేపటినుంచి నా వైపు సబ్బు లేకుండా తుడుస్తాను సార్. మళ్ళీ అద్దించి చూడండి. అందాకా దాన్ని తీసెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

మర్నాడు పాత సబ్బు పోయేలా ముందు వట్టి నీళ్ళతో, ఆరాక మందు నీళ్ళతో తుడిచింది. సగం పొద్దుకే పనైపోయింది. వారానికి ల్యాబు నుంచి కొత్త కాగితం వచ్చింది. రెండు వైపులా క్రిములు లేవు. చిన్నావిడ ఉద్యోగం నిలిచింది. ఆమె ఏడుస్తూ వచ్చి చేతులు పట్టుకుంటే, పెద్దక్కకు తిట్టే ఓపిక కూడా లేకపోయింది.

ఆ సాయంత్రం మళ్ళీ నర్సు దగ్గరికి వెళ్ళింది.

"సిస్టరమ్మా, ఇన్నేళ్ళలో నా వైపు కుట్లు చీము పట్టినవాళ్ళున్నారే... అదంతా నా వల్లేనా?"

నర్సు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. "అది ఎవరూ చెప్పలేరు పెద్దక్కా."

"మీరు చెప్పలేరు లెండి. నాకు మాత్రం వాళ్ళ మొహాలన్నీ గుర్తే," అంది పెద్దక్క.