అంబాజీపేటలో గాలి మార్పు

ఎనభైల్లో ఓ శీతాకాలం. విశాఖ ఫ్యాక్టరీల పొగ నా ఉబ్బసానికి పడటం లేదని డాక్టరు గాలి మార్పు రాసేడు. ఆయన దగ్గర మందులు అయిపోయినట్టున్నాయి. అంబాజీపేటలో స్నేహితుడి బంధువు, కొబ్బరి వ్యాపారి సుబ్బారావుగారింట్లో దిగేను.

తెల్లారి లేచి చూస్తే ఎదుటి కొబ్బరితోట కనబడలేదు. ఊళ్ళో ప్రతి పెరట్లోనూ స్నానాల నీళ్ళకి కాగు కింద కొబ్బరి డొక్కలు మండుతున్నాయి. పొగ చెట్ల తలలదాకా వెళ్ళి, మనసు మార్చుకుని, మంచుతో కలిసి కిందికి దిగి వచ్చేస్తోంది.

"ఈ పొగ పైకి పోదాండీ?" అన్నాను దగ్గుతూ.

"ఆయ్, పోదండి. వేసవిలో అయితే సముద్రం గాలి పట్టుకుపోద్దండి. చలికాలం గాలి కదలదు కదండీ, పైన మూత పెట్టినట్టే. మన పొగ మన దగ్గరే ఉంటదండి," అన్నారాయన, ఇంట్లో బంగారం గురించి చెప్పినట్టు. "తమరు దగ్గుతున్నారని, బాగా మరిగించిన నీళ్ళు పోయాలని మా ఆవిడ ఇంకో కాగు పెట్టించిందండీ."

ఆ మర్యాదకి నాకు ఊపిరాడలేదు.

ఇంతలో అరుగు మీంచి ఇంకో దగ్గు వినిపించింది, నా దగ్గుకి తాతలాంటిది.

"మా నాన్నగారండీ. చలికాలమంతా ఇంతే. గాలి మార్పుకి విశాఖ తీసికెళ్ళమన్నారండి మా డాక్టరుగారు. మీ ఇంటి దగ్గర్లో ఓ గది చూసిపెడతారాండీ?"