పుల్లయ్యగారికి కుర్చీ వేసిన రోజు

పెద్దమనిషికి మర్యాదగా కుర్చీ వేసి, సినిమా షూటింగు మొత్తాన్ని ముంచబోయిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే బెంగ పడకండి, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది వాడే.

నా పేరు మస్తాన్. మా నాన్న నరసరావుపేటలో వడ్రంగి. ఆయన దగ్గర రంపం పట్టడం నేర్చుకుని, సినిమాలకు సామాన్లు సిద్ధం చేసే పనిలో చేరాను. అదే నా మొదటి సినిమా. గురజాల దగ్గర ఒక పల్లెలో, పుల్లయ్యగారి వాకిట్లో ఫైటింగు. విలన్ కుర్చీలో కూర్చుని మీసం తిప్పుతుంటాడు. హీరో వచ్చి తంతే కుర్చీ ముక్కలవ్వాలి.

ఆ కుర్చీ నాకు అప్పగించారు. వెనక కాళ్ళు రెండూ ముప్పాతిక వంతు కోసి, ఆ సందుల్లో మైనం, రంపపు పొట్టు కలిపి కూరి, పైన పాలిష్ పట్టించాను. బిగుసుకుని కూర్చుంటే నిలుస్తుంది, కాస్త వెనక్కి ఊగితే పోతుంది. కోత ఎక్కడుందో కోసినవాడికి కూడా కనపడదు. ఆ పనితనం చూసుకుని పొద్దుటినుంచీ నేలమీద నడవడం మానేశాను.

మా మేస్త్రీ చంద్రం అన్న ముందే హెచ్చరించాడు.

"ఒరేయ్, పుల్లయ్యగారితో జాగ్రత్త. ఏదో పెళ్ళిలో మగపెళ్ళివారొచ్చారు, కాస్త కుర్చీలోంచి లెగమన్నారంట. పదకొండేళ్ళయింది, ఆ పెళ్ళింటి గడప తొక్కలా. ఆయనకి కోపమొస్తే మనకి వాకిలి లేదు, నీకు ఉద్యోగం లేదు."

పది గంటలకు పుల్లయ్యగారు షూటింగు చూడటానికి బయటికొచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలన్నిటిలో మావాళ్ళే కూలబడి ఉన్నారు.

"మస్తానూ, పెద్దాయనకి కుర్చీ వెయ్యరా," అని లోపల్నుంచి చంద్రం అన్న కేక.

డెబ్భై ఏళ్ళ మనిషి ఎదురుగా నిలబడితే, మన చేతులు మనల్ని అడిగి పనిచేస్తాయా? దగ్గర్లో ఉన్న కుర్చీ లాగి వేశాను. ఆయన కూర్చున్నాక గాని, అది ఏ కుర్చీయో నాకు వెలగలేదు.

"మంచి కుర్చీరా అబ్బాయ్," అని ఆయన వెనక్కి వాలబోయారు.

ఒక్క దూకు దూకి, వెనకనుంచి కుర్చీని వాటేసుకున్నాను. రెండు మోకాళ్ళు ఆ కోసిన కాళ్ళకు ఆనించాను. లెమ్మంటే పదకొండేళ్ళ కోపం, ఊరుకుంటే ఆయన నడుము. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

"బాబాయ్‌గారూ, ఆ అరుగు మీద చల్లగా ఉంటదండీ."

"ఇక్కడ ఎండేముంది?"

"లోపల కాఫీ పెట్టారంటండీ."

"ఇక్కడికే తెమ్మను." ఆయన మెడ తిప్పి చూశారు. "ఏంది, కుర్చీని వదలవు? నేనేమన్నా పడిపోయే వయసా?"

"గౌరవమండీ."

ఆ మాటకు ఆయన కరిగిపోయారు. ఇంట్లోకి కేకేశారు. "ఏమే, ఇటొచ్చి చూడు. సినిమావాళ్ళంటే ఏదో అనుకున్నాం గానీ, ఇట్టాంటి పిల్లలు మన ఊళ్ళో కూడా లేరే."

గంట గడిచింది. ఆయన నవ్వినప్పుడల్లా ఊగుతారు. దురదృష్టం కొద్దీ, ఆయన చానా సరదా మనిషి. చెమట కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

అంతలో చంద్రం అన్న వచ్చాడు. "షాటుకి కుర్చీ ఏదిరా?"

కళ్ళతో చూపించాను. అన్న మొహం తెల్లబోయింది. గబగబా వచ్చి రెండోవైపు పట్టుకున్నాడు.

"మీ కంపెనీలో అందరూ ఇంతేనా?" అని పుల్లయ్యగారు మరింత మురిసిపోయి, చివరికి తనంతట తానే లేచారు. కుర్చీ నిలిచింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పాపం, గంటనుంచీ నిలబడ్డావు. నువ్వు కూర్చో," అన్నారాయన.

"వద్దండీ."

"నా మాట కాదంటావా?" అంటూ రెండు భుజాలూ పట్టి ఆప్యాయంగా నొక్కారు.

కుర్చీ ముక్కలైంది. నేను వెల్లకిలా పడ్డాను. షాటుకున్నది ఆ ఒక్క కుర్చీయే. పుల్లయ్యగారు వంగి, విరిగిన కాలు తీసుకుని, నున్నటి కోతమీద వేలు రాసి చూశారు.

"ఇది తెలిసే పట్టుకున్నావా?"

"అవునండీ."

"లెగమంటే పోయేదిగా?"

"తమరికి కోపమొస్తదని…"

ఆయన ఆ విరిగిన కాలు కింద పెట్టారు. "వచ్చేదే," అని ఒప్పుకున్నారు. తర్వాత లోపలికెళ్ళి, తానొక్కరే కూర్చునే టేకు కుర్చీ స్వయంగా మోసుకొచ్చి నా ముందు పెట్టారు. "దీని కాళ్ళు కొయ్యి."

నా చెయ్యి రాలేదు. ఆయనే నేలమీద చతికిలబడి కుర్చీని కదలకుండా పట్టుకున్నారు. "ఇంకాస్త లోతుగా కొయ్యరా. ఆ విలనుగాడు బాగా పడాల," అన్నారు. అంత మంచి మనిషికి అలాంటి కుర్చీ వేశానే అని, కోస్తున్నంతసేపూ నాకు సిగ్గేసింది.

ఆనాడే మా నాన్న రంపం మీద ఒట్టేసుకున్నాను. ఎంతటి పెద్దలొచ్చినా, కుర్చీలో ముందు నేను కూర్చుని, వెనక్కి వాలి, రెండుసార్లు ఊగి, అప్పుడు లేచి వాళ్ళకు వేస్తాను. ఆ ఒట్టు ఈనాటికీ తప్పలేదు. మా అత్తగారివైపు వాళ్ళు మాత్రం, మస్తాన్ అంత మర్యాద తెలియని అల్లుడు ఈ జిల్లాలోనే లేడంటున్నారు.