పెంచలకృష్ణ ఇళ్ళ ఫోటోలు తీయడు

మా పాలెంలో పెంచలకృష్ణ కెమెరాకి అందనిది లేదు. ఓణీల ఫంక్షనైనా, కొత్త పడవకి టెంకాయ కొట్టినా, పోయినోళ్ళకి దండేసే పటమైనా అతనే తియ్యాల. ఇల్లు మాత్రం తియ్యడు. గృహప్రవేశానికి పిలిస్తే లోపల పూజ తీసి, వాకిలికి వీపు తిప్పి పోతాడు. ఎందుకని రెండేళ్ళు అడిగినా. మా వీధిలో నాకు తెలియని సంగతి ఒకటుందంటే నాకు అన్నం సయించదు. ఇప్పుడు తెలిసింది. తెలిసినాక కూడా సయించడం లేదు. మా నలభై ఇళ్ళు ఉంటాయో పోతాయో అనే దిగులుతోనే ఇది రాస్తా ఉన్నా.

వాళ్ళ నాయన ముత్యాలయ్య సముద్రంలో చేపల వేటకి పోయే మనిషి. కొడుకు పడవెక్కితే గట్టు కనుమరుగయ్యేలోపలే వాంతి చేసుకునేవాడు. "వీడు సముద్రానికి పనికిరాడు" అని కావలిలో ఒక స్టూడియోలో పనికి పెట్టినాడు. అక్కడ చెయ్యి తిరిగింది. ఆడోళ్ళు రొయ్యలు ఏరతా ఉంటే తీసిన ఫోటో ఒకటి క్యాలెండర్లో పడింది. అది చూసి, యాత్రల పుస్తకాలు వేసే కంపెనీ ఒకటి మద్రాసు నుంచి ఫోన్ చేసి లావోస్ పొమ్మనింది. నలభై రోజులు ఉండి వచ్చినాడు.

తీసిన ఫోటోలు మా ఇంట్లో టీవీకి పెట్టి చూపించినాడు. ఏం దేశమో, ఎవురికీ తొందర లేదు. పొద్దున్నే కాషాయం కట్టిన సాములు గిన్నెలతో వరసగా నడిచొస్తే, ఆడోళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ముద్ద వేస్తారు. ఎండెక్కినా పడవవాడు పడవలోనే నిద్రపోతా ఉంటాడు.

"ఆ దేశంలో గడియారాలు అమ్ముడుపోవేమో అబ్బయా!" అన్నా.

"పోవత్తా. నాకూ అక్కడ టైం చూడబుద్ధి కాలేదు" అని నవ్వినాడు.

ఏడాదికి మళ్ళీ పిలిస్తే పోయినాడు. ఈసారి పదో రోజుకే తిరిగొచ్చినాడు. ఒక్క ఫోటో చూపించలేదు. ఇళ్ళు తియ్యడం మానేసింది అప్పటినుంచే.

పోయిన నెల కారులో ఇద్దరొచ్చినారు. టూరిజం పుస్తకమంట. మా ఇళ్ళన్నీ వరసగా తియ్యాల, ఇంటోళ్ళు వాకిట్లో నిలబడాల, డోర్ నంబరు కనపడాల. పెంచలకృష్ణని అడిగితే, "నేను తియ్యను. మీరు కూడా ఎవురినీ తియ్యనియ్యబాకండి" అని మాకు చెప్పి లోపలికి పోయినాడు. ఎందుకో చెప్పలేదు. వీధంతా మండిపడింది.

"మనం పుస్తకంలో పడితే వాడికేం ఏడుపంట?" అనింది ఎదురింటి కామమ్మ.

వారానికి ఆ కారోళ్ళే వేరే ఫోటోగ్రాఫర్‌ని పట్టుకొచ్చినారు. ఆ పొద్దు పెంచలకృష్ణ బిట్రగుంటలో పెళ్ళికి పోయుండాడు. నేను ఊరుకుంటానా? కళ్ళాపి చల్లించినా, ముగ్గులు పెట్టించినా. వాకిళ్ళలో ఉండే వలలు, ఇంజన్లు, ఐసు పెట్టెలు, చేపల గంపలు అన్నీ పెరట్లోకి మోయించినా.

"ఆ ఎండుచేపల తడిక తియ్యమే కామమ్మా, పుస్తకం తెరిస్తే వాసనొస్తాది!"

"నీ మొఖం చూస్తే తెరిచినోళ్ళు మూసేస్తార్లే అక్కా!"

అందరం నవ్వుకున్నాం. మొదట మా ఇల్లే తీయించుకున్నా, పట్టుచీర కట్టుకుని.

మధ్యాహ్నానికి పదహారు ఇళ్ళయినాయి. అప్పుడొచ్చినాడు పెంచలకృష్ణ. బండి దిగి వీధి ఆ కొస నుంచి ఈ కొసకి చూసినాడు.

"వలలేవత్తా?"

"పెరట్లో వేయించినా. వీధి ఎంత ముచ్చటగా ఉందో చూడు."

మా అరుగు మీద కూలబడినాడు.

"అక్కడా ఇంతే అత్తా. పొద్దున్నే వచ్చే సాముల ఫోటోలు తర్వాత తీసుకుందువు, ముందు ఇళ్ళు తియ్యమన్నారు కంపెనీ వాళ్ళు, నంబరు కనపడేట్టు. ఏటి ఒడ్డు ఊరది. ఆడ ఇళ్ళు గుంజల మీద ఎత్తుగా కడతారు. ఒక ముసలమ్మ ఇంటి కింద మగ్గం, బుట్టలు, చిన్న పడవ ఉండాయి. ఫోటోకి అడ్డమని నేనే తీయించినా. ఆమె నవ్వుకుంటా పట్టుబట్ట కట్టుకొచ్చింది. నాకు అన్నం పెట్టింది. ఆమెని చూసి ఊరంతా అట్నే సర్దుకున్నారు."

"దానికేం?"

"రెండోసారి పోతే ఆడ ఊరు లేదు, చెరువుంది. ఆనకట్ట కట్టినారంట. నడిమధ్యకి పోయినాక పడవవాడు ఇంజను ఆపి నీళ్ళలోకి చెయ్యి చూపించినాడు. తాటిచెట్ల తలలు మాత్రం నీళ్ళపైకి కనపడతా ఉండాయి. మనుషుల్ని కొండ మీద రేకుల షెడ్లలో పెట్టినారు. ఆ ముసలమ్మ పరిహారం లెక్క రాసిన కాగితం ఒకటి తీసింది. దాని మీద నేను తీసిన ఫోటో. ఇంట్లో ఏముండాయో ఆ ఫోటోలో చూసి పక్కన రాసినారు. మగ్గం లేదు, పడవ లేదు, ఏ పనీ లేదు. లేనిదానికి బదులేమిస్తారు? ఆమె నన్ను గుర్తుపట్టి మళ్ళీ అన్నం తెచ్చింది. తిట్టి ఉంటే బాగుండు."

"ముందే చెప్పి చావొచ్చు గదరా!"

"ఏం చెప్పేది? ఆ ఫోటోలు తీసింది ఈ చెయ్యేనని చెప్పేదా? వీళ్ళు ఎందుకు తీస్తా ఉండారో నాకూ తెలీదు. నంబరు కనపడాల అన్నప్పుడే ఆ ఊరు గుర్తొచ్చింది."

నేను లేచి వీధిలోకొచ్చి పెట్టిన కేకకి అందరూ బయటికొచ్చినారు. ఆ ముసలమ్మ సంగతి చెప్పినా. విన్నోళ్ళు విన్నట్టే పెరట్లోకి ఉరికినారు. పదిహేడో ఇంటిముందు వల పరిచి, ఇంజను తెచ్చి నడిమధ్య పెట్టినాం.

కారాయన మొహం చిట్లించినాడు. "ఇవన్నీ పక్కన పెట్టండమ్మా. ఫోటో బాగా రాదు."

"మేం ఇట్టే ఉంటాం. ఇట్టే తియ్యి."

అతను పక్కకి పోయి ఫోన్లో ఏదో మాట్లాడొచ్చినాడు. "మిగతావి తర్వాత చూస్తాం" అన్నాడు.

"అయితే మా పదహారూ తుడిచెయ్యి."

"వెళ్ళిపోయినాయమ్మా. తీసినవి తీసినట్టే పైకి పోతా ఉంటాయి."

"ఎవురికి?"

కారెక్కి అద్దం పైకెత్తుకున్నాడు.

దుమ్ము అణగకముందే పెంచలకృష్ణ తన కెమెరా తీసినాడు. రెండేళ్ళకి మొదటిసారి వాకిలికి ఎదురుగా నిలబడినాడు. వలలు, గంపలు, తడికలు, తెడ్లు, ఒక్కటీ వదలకుండా నలభై ఇళ్ళూ తీస్తానన్నాడు. పట్టుచీర విప్పేసి రోజూ కట్టుకునే నేతచీరలో వచ్చి, మా వల ఒక కొస నేను పట్టుకున్నా, ఇంకో కొస కామమ్మ పట్టుకుంది.

"అబ్బయా, ఇవి చూపిస్తే ఆ పదహారూ చెల్లకుండా పోతాయా?" అనింది కామమ్మ.

అతను కంటికి కెమెరా పెట్టుకునే ఉండాడు.

"వల ఇంకొంచెం పైకెత్తి పట్టుకో అత్తా" అన్నాడు.